కొండను తిరిగి మోయడం

మోజెల్ నది ఒకచోట
ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరుగుతుంది.
ఆ మలుపు మీద నిటారుగా నిలబడ్డ
నీలి పలకరాయి కొండ మీద
ఇది నాకు ఏడో అక్టోబరు.

మొదటి ఏడు ఇర్మ్‌ట్రౌట్ నా చేతికి కత్తెర ఇవ్వలేదు.
వీపుకి బుట్ట కట్టింది.
వాన కిందికి ఈడ్చుకొచ్చిన పలకలన్నీ ఏరి
పైవరస దాకా మొయ్యమంది.
"ద్రాక్ష తర్వాత, బోగ్నా.
ముందు కొండని కొండ దగ్గరికి చేర్చు."
వాళ్ళమ్మ మోసింది. అమ్మమ్మా మోసింది.
రాయి జారుతుంది, వీళ్ళు ఎక్కిస్తారు,
ఎన్ని తరాలైనా ఈ బేరం తెగలేదు.

మధ్యాహ్నం పలక మీద చెయ్యి పెడితే
అప్పుడే దించిన పెనంలా చురుక్కుమంటుంది.
పొద్దుగూకి నది మీంచి చలి లేచాక
ఆ వేడినే కొంచెం కొంచెంగా,
పిసినారి అప్పు తీర్చినట్టు,
తీగ మొదట్లోకి వదులుతుంది.
ఇంత ఉత్తరాన
ఎండంటే రాయి దాచిపెట్టినదే.

నిన్న రాత్రి కోతలైపోయాక
నేలమాళిగలో మూడు సీసాలు పెట్టింది,
పేర్లు కనపడకుండా ఉన్ని మేజోళ్ళు తొడిగి.
"మూడూ రీస్లింగే. ఎవరిది ఏ ఊరో చెప్పు."

మొదటిది నాలుక మీద నిలవలేదు, పరిగెత్తింది.
పచ్చి ఆపిల్, ఆ వెనకే తడిపిన పలక వాసన,
చివర్న ఒక్క తీపి, ఇవ్వాలా వద్దా అని ఇచ్చినట్టు.
నా వీపు ముందుగా గుర్తుపట్టింది:
ఇది నేను మోసిన కొండ.

రెండోది గ్లాసులో స్థిమితంగా కూర్చుంది.
మగ్గిన పీచుపండు, కాస్త తేనె,
భోజనాలయ్యాక బల్ల దగ్గరే ఉండిపోయి
కబుర్లు చెప్పేవాళ్ళ తీరు.
"ఫాల్జ్," అన్నాను.
"మా రోస్విథా అత్తవారిది. అక్కడ మట్టి మెత్తన,
నడుం వంచక్కర్లేదు," అంది,
మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు.

మూడోది ముక్కు దగ్గర పెట్టుకోగానే
నాకు నవ్వొచ్చింది.
పెట్రోలు!
రాడోమ్‌లో మా నాన్న మోటారుసైకిళ్ళ షెడ్డు,
గుడ్డపేలికలు, విప్పిన కార్బురేటరు,
పక్కన ఎవరో నిమ్మతొక్క గిల్లినట్టు.
"ఇది మా నాన్న చేసిన వైను!"
జ్బిషెక్ పొలమారి దగ్గాడు. అందరూ నవ్వారు.
ఇర్మ్‌ట్రౌట్ నవ్వలేదు.

మేజోడు తీసింది. మర మూత సీసా.
క్లేర్ లోయ, ఆస్ట్రేలియా. పదమూడేళ్ళ కిందటిది.
ఎర్రమట్టి కింద సున్నపురాయి,
పగలు కాల్చే ఎండ, రాత్రి వణికించే గాలి,
ఏళ్ళు గడిస్తే ఆ ఎండే ఇలా వాసనేస్తుందట.

నాకు ముందు ఈ బుట్ట హార్ట్‌ముట్ వీపు మీద ఉండేది.
ఒక సాయంత్రం గోడ మీద కూర్చుని అన్నాడట:
"కొండ తన చోటే తానుండే దేశం ఒకటుంది,
వస్తావా?"
ఈమె ఏమందో చెప్పలేదు.
సీసా మాత్రం పదకొండేళ్ళుగా
మెట్ల కింద పడుకునే ఉంది.

ఒక గుక్క తాగింది. నోట్లో తిప్పింది.
"ఎండ ఎక్కువైంది," అంది.
ఇంకో అరగ్లాసు పోసుకుంది.

రాత్రంతా వాన.
తెల్లారి చూస్తే రోడ్డు మీద పలకలు,
కడిగి ఆరబెట్టినట్టు మెరుస్తున్నాయి.
ఆమె అప్పుడే వంగి ఏరుతోంది,
నా పెట్టె గుమ్మంలో ఉంది.
బస్సు తొమ్మిదింటికి.
రెండు బుట్టలకి టైముంది.