ఎనభై ఏడు పాయింట్ నాలుగు

చందంపేట గుట్టల మీద రిగ్గు నడిచిన రెండేండ్లు
నా పని పెట్టెల కాడ.
బోరుల నుంచి వచ్చిన రాతి కడ్డీలు కడుగుడు,
వరుస తప్పకుండ పేర్చుడు,
ఎర్ర పెయింటుతోని లోతు రాసుడు.
పై రాయి ఎడమ దిక్కు, కింది రాయి కుడి దిక్కు.
"ఒక్క ముక్క తారుమారైతే
కోట్ల ఏండ్లు తారుమారైతయి, బద్రూ"
అని హైమవతి మేడం మొదటినాడే బెదిరించింది.

ఎనభై ఏడు మీటర్ల దాక ఒకటే తీరు.
తెల్ల ఇసుకరాయి, చక్కెర పలుకుల లెక్క మెరుస్తది.
ఒకనాడు వాగు గట్టున పెచ్చు లేచిన బండ చూపించింది.
దాని మీద అలల గీతలు.
నీళ్లు తీసినంక బురద మీద మిగులుతయి సూడు, అవే.
కాని రాయి.
"మనం సముద్రం ఒడ్డున నిలబడ్డం" అన్నది.
నేను చుట్టూ చూసిన.
సీతాఫలం పొదలు, డిండి దిక్కు పోయే మట్టిబాట,
ఎండకు నాలుక చాపిన మా టాంకరు డ్రైవరు కుక్క.

ఎనభై ఏడు పాయింట్ నాలుగు కాడ కడ్డీ రంగు మారింది.
మీద ఇసుకరాయి, కింద గులాబి మచ్చల నల్లగొండ బండ.
నడుమ ఒక గీత.
గోరు దూరదు అందుల.
"ఈ గీతల కొండల వరుస ఉండె" అన్నది మేడం.
"ఏది?"
"అరిగిపోయింది.
ఈ బండ దాని కడుపుల చల్లారింది.
మీద ఉన్నదంతా కొట్టుకపోయినంకనే వెలుగు సూసింది."
ఎన్నేండ్లు పట్టిందో
ఆమె కూడ వేళ్ల మీద లెక్కపెట్టలే.

అరిగిన కొండ మీదికి సముద్రం ఎట్ల ఎక్కిందని
పగటి బువ్వ కాడ అడిగిన.
నా రొట్టె దిక్కు చూపించింది.
"పిండిని రెండు దిక్కుల గుంజితే
నడుమ పలచనైతది, కుంగుతది. కుంగిన కాడికి నీళ్లొస్తయి."
"జొన్నపిండి సాగదు మేడం, పగుల్తది."
ఆమె తినుడు ఆపింది.
"నేల గూడ అంతే.
కింద వేడికి సాగుతది, మీద చల్లగ ఉండి పగుల్తది."
ఆ పొద్దంత నా మాటను
ఎవరు కనపడితే వాళ్లకు చెప్పింది.

నల్లమల సంగతి వేరట.
తూర్పు నుంచి తోస్తే గొంగడి మడతలు పడ్డట్టు లేచిందట.
నులక మంచం మీద లావు మనిషి కూసుంటే
పక్కన పెట్టిన గ్లాసు దొర్లి ఆయన దిక్కే పోతది గద,
కొండ కూసున్న కాడ గూడ నేల అట్ల వంగుతది,
వంగిన కాడికి నీళ్లు, నీళ్ల ఎనక ఇసుక.

మరి ఇప్పటి సముద్రం?
అది ఇంకో చినుగు.
మన నేలకు అతుకున్న ముక్క ఊడి
దక్షిణం దిక్కు పోయింది, మంచు కింద పండుకున్నది.
నడుమ మిగిలిన సందే బంగాళాఖాతం.
చిన్నప్పటి సంది నేను బ్యాంకు ఖాతా అనుకున్న పేరు.
ఖాతం అంటే గుంతట.
రెండూ ఒకటేనేమో.
కృష్ణ మా గుట్టలను గీరి గీరి
రోజూ అందుల జమ చేస్తనే ఉన్నది,
తీసుకునేటోడు ఇంక రాలే.

రిగ్గు పోయింది. పెట్టెలు లారీల మీద హైదరాబాదు పోయినయి.
దించేటప్పుడు పగిలిన ముక్కొకటి
లెక్కల రాదని మేడం నా చేతుల పెట్టింది.
సముద్రం నేనింత వరకు చూడలే.
వాన పడ్డ చెల్కల బండి ఆపితే
స్టాండు మెత్తమెత్తగ దిగబడతది.
దాని కింద ఈ ముక్క పెడత,
సగం కొండ, సగం ఒడ్డు.
వంగి పెట్టేటప్పుడు చెయ్యి దానంతటదే తిప్పుతది.
పై రాయి ఎడమ దిక్కు.