గాలి నిండేదాకా

ముప్పై ఆరేళ్ళు విల్యాంది నుంచి ముస్త్లాకి బస్సు నడిపాను.
గాలి గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి.
చలికాలం తెల్లవారుజామున
ముల్లు ఎనిమిది దగ్గరికి పాకితే గానీ
బ్రేకు వదిలేది కాదు, బండి కదిలేది కాదు.
తలుపు ఉస్సురంటే
ముందు చలి ఎక్కేది, తరవాత మనుషులు.

అందుకే కొట్లో అడుగుపెట్టగానే
నా చెయ్యి తిన్నగా వందలీటర్ల ఎర్ర టాంకు మీద పడింది.
గిత్త వీపు చరిచినట్టు చరిచి
"ఇదీ" అన్నాను.

కౌంటరు వెనక పిల్ల, పేరు త్రీను,
చేతికి గ్రీజు, చెవి మీద పెన్సిలు,
ధర చెప్పలేదు.
"దీంతో ఏం చేస్తారు?"
"పడవకి రంగు."
"కుంచె చాలదా?"
"మణికట్టు మెలిపెడుతోంది."
"ఇంకా?"
"కుర్చీలకి మేకులు. సైకిలు ట్యూబులు.
కుట్టుమిషను లోపలి దుమ్ము."
"ఇంకా?"
ఇంకేమీ లేదు.
ఆ టాంకు పక్కన నా పనులన్నీ
గుండిగ అడుగున గుప్పెడు బియ్యంలా కనిపించాయి.

వంగి, రేకు మీది అంకెని గోటితో గీకింది.
"ఇది పీల్చే గాలి. ఇచ్చేది కాదు.
ఇచ్చేది ఇందులో మూడింట రెండొంతులుంటే గొప్ప.
టాంకుదేముంది, కుండ. చూడాల్సింది ఊట.
మీ స్ప్రే గన్ నిమిషానికి ఎన్ని లీటర్లు తాగుతుంది?"

బస్సు డీజిలెంత తాగేదో చెప్పగలను.
మా ఎల్మార్ తన పెళ్ళినాడు ఎంత తాగాడో చెప్పగలను.
ఇది తెలీదు.

ఎర్రదాని మీట నొక్కింది.
అరల్లో డబ్బాలు, డబ్బాల్లో మరలు, నా పళ్ళు
అన్నీ ఒకేసారి గలగలమన్నాయి.
తొంభై ఏడు డెసిబెల్స్ అంది.
వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది వైకె.
మా షెడ్డుకీ ఆవిడ మంచానికీ మధ్య ఒక్క చెక్కగోడ.
రాత్రంతా బేకరీలో నల్లరొట్టెలు కాల్చి
ఏడింటికి వచ్చి
రెండింటిదాకా పడుకుంటుంది.
ఆ పేరుకి మా భాషలో నిశ్శబ్దమని అర్థం.
మనిషి అలా కాదు. మంచు ఎవరి వాకిట్లోకి తోశానని
రెండు చలికాలాలు నాతో పోట్లాడింది.

కొన్నది ఇరవైనాలుగు లీటర్లది.
నూనె అడగనిది. అరవై డెసిబెల్స్‌ది.
పక్కసీట్లో కూచోబెట్టుకుని ఇంటికొస్తుంటే
కొత్త డ్రైవరు, అది సామానా ప్రయాణికుడా అని అడిగాడు.

చిన్న గన్‌తో జానెడు మేర కొడతాను.
ముల్లు జారిపోతుంది. ఆగుతాను.
మళ్ళీ నిండేదాకా
చెయ్యి గాల్లో అలాగే పెట్టుకుని,
ఎవరో మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తుంటే
తలుపు మూయకుండా ఆగేవాణ్ణి చూడండి,
అలాగ.

పడవకి ఒక పక్క అవడానికి నాలుగు రోజులు పట్టింది.
జానకీ జానకీ మధ్య అతుకు తెలుస్తోంది.
నీళ్ళలోకి దిగాక చేపలు చూస్తాయి, చూడనీ.

పనయ్యాక అడుగున బిరడా తిప్పి తీరాలంది త్రీను.
ఒంటిగంటకి తిప్పాను.
చెంచాడు నీళ్ళు.
తేటగా, కాస్త ఇనుము వాసనతో.
వాన పడలేదు. నేనేం పొయ్యలేదు.
షెడ్డులో ఉన్న గాలే అదంతా:
సరస్సు మీంచి వచ్చింది కొంత,
వైకె ఆరేసిన దుప్పట్లది కొంత,
నేను వదిలింది కొంత.

గోడ మీద రెండు దెబ్బలు.
"చప్పుడైందా?" అన్నాను, పోట్లాటకి సిద్ధపడి.
"లేదు," అంది అవతలనుంచి నిద్రగొంతు,
"ఆగిపోయింది. అందుకే మెలకువొచ్చింది."