ఉప్పు పట్టిన పిన్ను

ఈస్ట్ పాయింట్ కాలనీ, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
కంప్లైంటు చీటీ మీద ఒకటే ముక్క:
బల్బులు మాట వినడం లేదు.

తలుపు తీసిన రత్నమేరీ గారి కళ్ళు
నిన్నటి చేప కళ్ళలా ఎర్రబడి ఉన్నాయి.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ.
పగలంటే ఆవిడకి అర్ధరాత్రి.
ఆ అర్ధరాత్రిలో, సరిగ్గా మూడూ పదికి,
పడగ్గది దీపం దానంతటదే భగ్గుమంటుందట.
ఆర్పుదామంటే ఫోను పలకదట.
"దెయ్యమైతే సర్దుకుపోదును గానీ,
ఇది వాయిదాల్లో కొన్నది కదమ్మా" అంది.

నా సంచీలో టెస్టరు, పొట్టి స్క్రూడ్రైవరు,
మా అమ్మాయి డబ్బాలోంచి కొట్టేసిన పెన్సిలు రబ్బరు.
అడగాల్సినవన్నీ అడిగాను.
పాస్‌వర్డు మార్చారా?
మధ్యలో ఇనప బీరువా కొత్తగా నిలబెట్టారా?
"బీరువా లేదు. చేపల తొట్టి ఉంది."
నీళ్ళు సిగ్నల్ని తాగేస్తాయని చెప్పాను.
తొట్టిలో రెండు చేపలు నోళ్ళు తెరిచి
మేమేం తాగలేదన్నట్టు చూశాయి.

ఫోన్లో ఇల్లంతా బూడిదరంగు.
హాలు లేదు, వంటిల్లు లేదు, పడగ్గది లేదు.
అందులోనే తల దూర్చి నొక్కుతూ ఉంటే
ఆవిడ నా భుజం తట్టింది.
"ఏటమ్మా, దాన్నే సూత్తావు?
మా వార్డులో మానిటరు మీద గీత పడిపోతే
కొత్త పిల్లలు మానిటరుకేసి పరిగెడతారు.
ముందు మంచం చూడండర్రా అంటాను.
సగంసార్లు మనిషి హాయిగా ఇడ్లీ తింటూ ఉంటాడు.
గుండె మీది అతుకు ఊడి ఉంటుంది."

సిగ్గేసింది. ఫోను బోర్లించి
మంచం చూశాను. అంటే, రౌటరు.
కిటికీ పక్కనే, సముద్రానికి ఎదురుగా,
రెండేళ్ళుగా ఆ గాలి కొడుతోంది దాని మొహాన.
ఈ ఊరి గాలి ఊరికే రాదు.
గ్రిల్లు తింటుంది, ఫ్రిజ్జు కాళ్ళు తింటుంది,
నా స్కూటీ సైలెన్సరు మొన్నే తినేసింది.
అడాప్టరు లాగి చూస్తే
పిన్నుల మీద పచ్చటి పూత,
తోమని రాగిచెంబు అంచులా.

మూడూ పదికి వాచ్‌మన్ లోవరాజు మోటారు వేస్తాడు.
కరెంటు ఒక్క క్షణం కుంగుతుంది.
ఉప్పు పిన్ను ఆమాత్రానికే చెయ్యి వదిలేస్తుంది.
దీపం ఉలిక్కిపడి లేస్తుంది,
పోయిన కరెంటు రాగానే వెలగడం దానికి పుట్టుకతో వచ్చిన పని.
రౌటరు చచ్చి, లేచి, తన పేరు మళ్ళీ చాటుకునేలోగా
బల్బులు మూడుసార్లు పిలిచి ఊరుకుంటాయి.
ఫోన్లకి అభిమానం లేదు, అవే వెనక్కొస్తాయి.
బల్బులకి ఉంది.
వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

రబ్బరుతో పిన్ను రుద్దితే
చీటీ మీద చిటికెడు పచ్చపొడి రాలింది.
రౌటరుని లోపలి గోడకి మార్చాను.
కుర్చీ ఎక్కి దిగి, ఎక్కి దిగి,
ఒక్కోదాన్నీ ఐదేసిసార్లు ఆర్పి వెలిగించాను
గబగబా కన్నుగీటేదాకా.
హాలు వచ్చింది. వంటిల్లు వచ్చింది.
పడగ్గది రెండోసారికి లొంగింది.
కరెంటొచ్చినా పడుకునే ఉండమని దానికి ఒక సెట్టింగు పెట్టాను.
బాల్కనీది మాత్రం రానంది. మధ్యలో గోడ మందం.

మూడూ తొమ్మిది.
ఇద్దరం పడగ్గది గుమ్మంలో నిలబడ్డాం,
పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డట్టు.
కింద మోటారు గుర్రుమంది.
ఫ్యాను కాస్త మూలిగింది.
చీకటి చీకటిగానే ఉండిపోయింది.

"బాల్కనీకి రిపీటరు పెట్టాలండీ,
పన్నెండొందల దాకా అవుతుంది" అంటూ వెనక్కి తిరిగితే
ఆవిడ మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది,
ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది.
సంతకం చెయ్యని చీటీ తొట్టి మూత మీద పెట్టి
తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగాను.

కిందికి దిగి తలెత్తి చూస్తే
నీడ పడిన బాల్కనీలో
ఆ ఒక్కటీ ఇంకా కన్నుగీటుతోంది,
లంగరేసిన ఓడల వైపు.

నా స్కూటీ
నాలుగో కిక్కుకి గానీ లేవలేదు.