దువ్వెన చివరి అక్షరం

నోరీన్ టీచర్ బోర్డు మీద దువ్వెన అని రాసింది,
ఇంగ్లీషులో. సి, ఓ, ఎమ్, బి.
"కోమ్" అని చదివి ఊరుకుంది.
మరి బి?
"అది ఉంటుంది, పలకదు" అంది.
నాకు నవ్వొచ్చింది.
నా షాపులోనూ ఉన్నారు అలాంటివాళ్లు,
క్షవరం అక్కర్లేదు, గడ్డం అక్కర్లేదు,
హీటర్ పక్కన బల్ల మీద
మూడు కప్పుల టీ సేపు కూర్చుని
లేచి వెళ్లిపోతారు.

నా పేరు రెబ్వార్.
హెస్సల్ రోడ్డు నోటికి అది పొడుగు.
చెవుల పక్క తగ్గించి, మెడ దగ్గర గీసి
"రే" అన్నారు.
కత్తెర నాదే అయినా
ఒక్కోసారి కుర్చీలో ఉండేది నేనే.

మంగళవారం రాత్రి లైబ్రరీ మేడ మీద క్లాసు.
నాలుక కొస పళ్ల మధ్య పెట్టి
గాలి వదలమంటుంది.
సులేమానియాలో పన్నెండేళ్లప్పుడు కత్తి పట్టినవాణ్ణి,
పదునైన వాటి మధ్య మెత్తనిది పెట్టకూడదని
దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి.
నా నంబర్ త్రీ జారి "స్రీ" అవుతుంది.
కుర్రాళ్లు అద్దంలోంచి "ఎంత?" అంటారు.
వేళ్లు చూపిస్తాను.
వేళ్లకు యాస లేదు.

ఇంకో సంగతి, ఇక్కడ జుట్టును లెక్కపెట్టరు.
సాయంత్రానికి నేల మీద గుట్ట పడినా
అది హెయిరే, ఏకవచనం.
ఒక్కటి సూప్‌లో పడిందా,
వెంటనే "ఎ హెయిర్", లెక్కలోకి వచ్చేస్తుంది.
ఇలాంటివి నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంటాను.
ముందు పేజీలు కరెంటు బిల్లువి.

పుస్తకంలో "నో". ఈ ఊళ్లో "నెర్".
పుస్తకంలో "ఫోన్". ఈ ఊళ్లో "ఫెర్న్".
ఫెర్న్ అంటే ఒక మొక్క అని నిఘంటువు.
ఎవరో ఫెర్న్ కావాలని అడిగితే
పూలకొట్టుకు దారి చూపించాను, పాపం.

శనివారం తొమ్మిదిన్నర బ్లెంకిన్‌ది.
ఐస్‌లాండ్ దాకా వెళ్లి వల లాగిన మనిషి,
కుడిచేతి రెండు వేళ్లు అక్కడే మంచుకు ఇచ్చేశాడు.
"యూస్డ్ టు" ఆయన దగ్గరే నేర్చుకున్నాను.
యూస్ అంటే వాడటం కదా,
సముద్రాన్ని ఎలా వాడతారు అని అడిగాను.
"వాడటం కాదు రే, వెళ్లేవాణ్ణి.
ఇప్పుడు వెళ్లను, అంతే."
కూర్చుంటూ ప్రతిసారీ ఒకటే వాక్యం,
"షీ లైక్స్ ఇట్ షార్ట్."
మావిస్‌కు కురచగా ఉంటేనే ఇష్టం.
ఆ లైక్స్ చివరి ఎస్,
నేను రోజుకు పదిసార్లు మింగేసే ఎస్,
నాలుగేళ్లలో ఆయన ఒక్కసారీ మరిచిపోలేదు.

మార్చిలో ఒక శనివారం
గుడ్డ కప్పాను, నీళ్లు చల్లాను.
"షీ లైక్ట్ ఇట్ షార్ట్" అన్నాడు.

ఇ, డి అని రాస్తారు.
క తర్వాత వస్తే ట్ అని పలుకుతారు.
పోయిన మంగళవారమే చెప్పింది నోరీన్.
లేకపోతే నాకు వినపడేదే కాదు,
పక్క కుర్చీలో మిషన్ రొద పెడుతోంది.

అద్దంలో చూశాను.
ఆయన చేతులు గుడ్డ కిందే ఉన్నాయి.
నాకున్న ఇంగ్లీషంతా తడుముకున్నాను.
"లాస్" అనాలట ఇలాంటప్పుడు.
నాకు తెలిసిన లాస్ లెక్కల పుస్తకంలోది,
దివాలా తీసినవాడితో అన్నట్టుంది, నోరు రాలేదు.
"షార్ట్" అన్నాను. "యెస్. షార్ట్."
చెవుల వెనక, తనకు తానుగా చూసుకోలేని చోట
ఎప్పటికన్నా నెమ్మదిగా కత్తిరించాను.
డబ్బు వద్దంటే "నెర్, నెర్" అంటూ
కౌంటర్ మీద పెట్టి వెళ్లాడు.

మొన్న గురువారం వచ్చాడు.
వారం కాలేదు, జుట్టు పెరగలేదు.
టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
హీటర్ పక్కన బల్ల మీద
మా బావమరిది కాస్త జరిగాడు.

టీ పోసి, చక్కెర ఎన్ని చెంచాలని సైగ చేశాను.
కుడిచెయ్యి ఎత్తి
ఉన్న వేళ్లన్నీ చూపించాడు.
"స్రీ?" అన్నాను.
"అయ్" అన్నాడు, "స్రీ."