అరవై దాటితే

అరవై దాటితే మొదలయ్యేది రొద,
వెనక సీటు కింద ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు.
చలికాలమంతా రేడియో పెంచి బుకాయించాను.

కౌనస్‌లో రేకు గరాజుల వరస, మార్చి బురద,
జాకీ మీద నా ముసలి పస్సాట్.
డ్రమ్ము ఊడదీస్తే నల్లటి గ్రీజు,
అందులో మెరిసే ఇనప్పొడి:
నా బేకరీ రాత్రుళ్లన్నీ
మెత్తగా నూరుకుపోయి.

కొత్త రింగులు నిన్నటి నుంచీ ఫ్రీజర్లో,
పుట్టగొడుగుల సంచీ పక్కన.
కడిగిన డ్రమ్మేమో ఓవెన్లో.
ఇల్లంతా కాలిన నూనె కంపు.

పక్క గరాజు వీతెనిస్,
ట్రాలీబస్సులు బాగుచేసి బాగుచేసి ముసలైనవాడు,
"నేరుగా సుత్తి వెయ్యకు మిల్డా" అంటూ
నేను చెత్తలో పడేసిన అరిగిన రింగునే ఏరి తెచ్చి
కొత్తదాని నెత్తిన పెట్టాడు.
టక్. టక్. టక్.
ఉన్నట్టుండి గొంతు మారింది: ఠంగ్.
"కూచుంది."

నట్టు బిగించి, మళ్లీ కాస్త వదలాలట.
లోపలి వాషరు స్క్రూడ్రైవర్ మొనకి
కదిలీ కదలనట్టు కదలాలట.
ఎంత? అంటే
చెప్పడం చేతకాక నా చేతికే ఇచ్చాడు.

చీకటి పడింది. కుడి చక్రం మిగిలే ఉంది.
డ్యూటీకి వెళ్తుంటే
ఎడమవైపు ఏమీ లేదు, కుడివైపు తిరగలి.
రేడియో ఆపేసి
రెండూ విన్నాను.