కూత

కొత్తపేట ఆసుపత్రిలో ఓ పిల్ల
నా నోట్లో గొట్టం పెట్టి
"ఊదు మామ్మా, ఊదూ ఊదూ ఊదూ" అంది.
ఊదాను.
కాగితం మీద గీత
రెండడుగులు ఎక్కి
మోకాళ్ళు పట్టుకు కూలబడింది.

జబ్బేం లేదంట. వయసంట.

ఆ పిల్లకేం తెలుసు.
మిషను బడి మట్టి మైదానంలో
లంగా ఎగదోపి
చెడుగుడు చెడుగుడు చెడుగుడు
ముగ్గుర్ని తాకి, నాలుగోదాన్ని ఈడ్చుకుంటా
గీత మీదికొచ్చి పడేదాకా
నా కూత తెగేది కాదు.
"రత్నకాంతమ్మకి ఊపిరితిత్తులు నాలుగే" అనేది
సలోమి టీచరు, గడియారం చూసుకుంటా.

ఆ ఊపిరితోనే
ముప్పయ్యేళ్ళు మిరపయార్డు దగ్గర తొడిమలు తీశా.
కొత్తోళ్ళు దగ్గి దగ్గి పారిపోతుంటే
కొంగు ముక్కుకి చుట్టుకుని
ఊరందరి కబుర్లూ చెప్పిన మనిషిని.

డాక్టరు మంచోడే, విడమరిచి చెప్పాడు.
పక్కటెముకలు బిగుసుకుంటాయంట.
లోపలి తిత్తులు
ఉతికి ఉతికి వదులైన ఎలాస్టిక్‌లా
సాగుతాయంట గానీ దగ్గరికి రావంట.
పీల్చిన గాలి మొత్తం బయటికి పోదంట,
కొంత లోపలే ఉండిపోద్దంట.
నవ్వొచ్చింది నాకు,
సంగడిగుంటలో మా వెనక వాటా వాళ్ళు గుర్తొచ్చి.
అద్దె కట్టరు, ఖాళీ చెయ్యరు.

మొన్న మూడొంతెనల కిందనుంచి ఎత్తెక్కుతా
రెండుసార్లు ఆగాను.
ఒకసారి చెప్పు సర్దుకుంటున్నట్టు నటించి,
రెండోసారి
నటించే ఓపిక్కూడా లేక.
నెత్తిమీద రైలు పోతా ఉంది.
దానికేం,
కూతేసుకుంటా పోద్ది.

రాత్రిళ్ళు పడుకుని వింటా ఉంటాను.
ఒక్కో ఊపిరీ గీత దాటి
ఒంటరిగా అవతలికి పోద్ది.
అక్కడ ఎవరో
చేతులు చేతులు పట్టుకుని, వంగి,
చప్పుడు చెయ్యకుండా మూగుతారు.
ఇంకా రాలేదు.
ఇంకా.
ఆ, తాకింది గీత.

పొద్దున్నే మూడు బంతుల డబ్బా తీస్తాను.
ఇది ఊదేది కాదు, పీల్చేది.
నీలంది లేస్తది.
పసుపుది లేచి, వణికి, పడిపోద్ది.
మూడోది మాత్రం
చచ్చి గీత బయట కూర్చున్న పిల్లలా
నన్నెప్పుడు పుట్టిస్తావని చూస్తా ఉంటది.

ఉండవే,
గుక్క తిప్పుకోనీ.