కావడి దారి

తాటిచెట్లపాలెంలో ఎక్కిన జీపు
అనంతగిరి ఘాటీ సగంలో చల్లబడింది.
"ఇక్కణ్ణించి నడకే" అంది వంతల సొనాయి.
తొమ్మిదిమందిమి. టోపీలు, నీళ్ల సీసాలు,
ఒకాయన మోకాలికి పట్టీ.

ఆమె వేలు చూపిన చోట
నాకేమీ కనపడలేదు:
పసుపు చేను, వంగిన సిల్వర్ ఓక్,
దాన్ని పట్టుకు పాకే మిరియపు తీగ.
"నలభై రెండులో బాంబులు పడ్డప్పుడు
మీ పట్నం ఈ వంపులోనే కూకుంది బాబూ,
మూడు రాత్రులు. దీపం ఎలిగించకుండా."

ఈ కథ మా ఇంట్లోనూ ఉంది.
మామ్మ, వాళ్లమ్మ, చంకలో పసివాడు,
ఘాటీ అంతా నడిచే ఎక్కారని.
చెప్పినప్పుడల్లా
కొండ ఇంకో బారెడు పెరిగేది.

అదే సొనాయికి చెప్పాను, కాస్త గొప్పగానే.
ఆగింది. నవ్విందో, ఆయాసమో.

"నడిసినోళ్లూ ఉన్నార్లెండి.
మా తాత మోసినోడు.
కావడికి ఇటు కుట్టుమిషను,
అటు తట్టలో ఓ ముసలమ్మ.
తూకం సాలక ఆవిడ పక్కన రాయి పెట్టాడంట.
దారంతా ఆవిడ
మిషను జాగ్రత్తరా, మిషను జాగ్రత్త అందంట."

"కూలి ఎంతిచ్చారు?"
"ఉప్పు."
గుప్పిట మూసి చూపించింది, ఇంత అని.

సముద్రం పక్కన పుట్టినవాణ్ణి.
ఉప్పు వెల
ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు.

మా ఇంట్లో మిషను ఇంకా ఉంది,
మామ్మ ఫొటో కింద, గుడ్డ కప్పి.
ఆ సంగతి చెప్పలేదు.

తర్వాతి మలుపులో కాలు జారింది.
సొనాయి చెయ్యందించి లేపి,
నా బ్యాగు తన భుజాన వేసుకుంది.
వద్దన్నాను.
ఒక్కసారే అన్నాను.